తెరిచిన పల్ప్ డబ్బాను అలాగే ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా వారు సీజన్‌లో మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో పనికి వెళ్తారు. పోయిన సీజన్‌లో తోతాపురి పల్ప్ పెద్ద డబ్బాలు మూడు తెచ్చి అటక మీద పెట్టాం. మనవరాలి నాలుగో పుట్టినరోజుకి ఒకటి తెరిచి అందరికీ జ్యూస్ చేశాం. మిగిలిన సగం డబ్బాలోనే ఉంచి, పైన ప్లేటు మూసి ఫ్రిజ్‌లో పెట్టాను. మూడో రోజు పాపకి దాంతో మళ్లీ జ్యూస్ చేసి ఇస్తే "ఇనుము వాసన వస్తోంది అవ్వా" అని సగం తాగి వదిలేసింది. గంటలోపే వాంతి చేసుకుంది. ఒక్కసారే, సాయంత్రానికి మామూలుగా ఆడుకుంది. డబ్బాలోకి చూస్తే పల్ప్ పైఅంచు తగిలే చోట చుట్టూ నల్లటి మచ్చలు. పక్కింటావిడ వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చూపించింది. డబ్బా ఆహారంలో సీసం ఉంటుందట, క్యాన్సర్ వస్తుందట. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. తిరుపతిలో ఉండే మా పెద్ద కోడలికి ఇప్పుడు ఐదో నెల. పుట్టినరోజు నాడు తనూ ఆ జ్యూస్ తాగింది. పాపకి రక్త పరీక్ష చేయించాలా? మిగిలిన రెండు డబ్బాలు వాడొచ్చా? అందులో ఒకదానికి అంచు దగ్గర సొట్ట ఉంది. ఖాళీ డబ్బాలు కడిగి ఊరగాయ, చింతపండు పెట్టుకునే అలవాటు కూడా ఉంది మాకు. అదీ తప్పేనా?

సమాధానం:

అమ్మా, ముందు పాప సంగతి చెబుతాను. ఒక్క వాంతితో ఆగిపోయి, ఆ తర్వాత బాగా తింటూ, ఒంటికి మామూలుగా వెళ్తూ, ఎప్పటిలా ఆడుకుంటూ ఉంటే రక్త పరీక్ష అక్కర్లేదు. మీరు రాసినవి మూడూ, అంటే నోటికి లోహం రుచి తగలడం, తాగిన కాసేపటికే వాంతి, అంతటితో సర్దుకోవడం, డబ్బా లోపలి తగరం ఎక్కువగా కలిసినప్పుడు కనిపించే లక్షణాలే. తెరిచి మూడు రోజులైన పల్ప్ పాడైపోయి ఉన్నా ఇలాగే జరగొచ్చు. రెండింట్లో ఏదైనా పాప ఇప్పుడు బాగుంది కాబట్టి చేయాల్సింది ఒకటే, ఆ డబ్బాలో మిగిలింది పారబోయడం. కాచి వాడదామని మాత్రం అనుకోకండి. కాచితే క్రిములు చస్తాయేమో గానీ లోహం ఎక్కడికీ పోదు.

ఒకవేళ వాంతులు మళ్లీ మళ్లీ అయినా, జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా, పాప మత్తుగా పడుకుని నీళ్లు కూడా తాగకపోయినా అది తగరం గొడవే అనుకుని ఊరుకోకండి. వెంటనే పిల్లల డాక్టరుకి చూపించండి.

ఇక ఇది ఎందుకు జరిగిందో వివరంగా చెబుతాను. అది తెలిస్తే మీ మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

మనం టిన్ను డబ్బా అంటాం గానీ అది ఉక్కు రేకు. దాని మీద తగరం పల్చటి పూతగా ఉంటుంది. ఇత్తడి గిన్నెకు కళాయి వేయిస్తాం చూడండి, అదీ తగరమే. డబ్బాల్లో కొన్నింటికి ఈ తగరం మీద మళ్లీ లక్కర్ అనే పూత వేస్తారు. డబ్బా ఖాళీ చేసి లోపలికి చూస్తే బంగారు రంగులోనో తెల్లగానో వార్నిష్ కొట్టినట్టు ఉంటే లక్కర్ ఉన్నట్టు. వెండిలా మెరుస్తుంటే లేనట్టు. లక్కర్ లేని డబ్బా నాసిరకం అనుకోకండి. పైనాపిల్, పియర్ లాంటి లేతరంగు పండ్లకు కావాలనే లక్కర్ వేయరు. మూసిన డబ్బాలో గాలి దాదాపు ఉండదు. ఆ స్థితిలో పండు పులుపుకు ముందు తగరమే కొద్దికొద్దిగా కరుగుతూ, కింద ఉన్న ఉక్కును తినిపోకుండా ఆపుతుంది. పండు రంగు నల్లబడకుండా, రుచి మారకుండా ఉండటానికి కూడా ఆ తగరమే ఉపయోగపడుతుంది. అంటే లక్కర్ లేని డబ్బాలో ఉన్న పండులోకి కొంత తగరం దిగడం అనేది అందరికీ తెలిసే, లెక్కలో పెట్టుకునే జరుగుతుంది. మామూలుగా లక్కర్ ఉన్న డబ్బాల ఆహారంలో తగరం కిలోకి 25 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. లక్కర్ లేనివాటిలో 100 దాటిపోవచ్చు.

డబ్బా తెరిచిన క్షణం నుంచి ఈ లెక్క తప్పుతుంది. లోపలికి గాలి వెళ్తుంది. గాలిలోని ఆక్సిజన్, పండులోని పులుపు, తడి, లోహం ఒకచోట చేరితే తగరం కరిగే వేగం బాగా పెరుగుతుంది. మీరు చూసిన నల్లటి మచ్చలు సరిగ్గా పల్ప్ పైఅంచు దగ్గరే ఉన్నాయంటే కారణం ఇదే. పల్ప్, గాలి, రేకు మూడూ కలిసే చోటు అది. అక్కడ తగరం కరిగిపోయి కింది ఉక్కు బయటపడి ఉంటుంది. పాపకు ఇనుము వాసన అనిపించిందీ అందుకే. ఫ్రిజ్ చల్లదనం దీన్ని కొంచెం నెమ్మదిస్తుంది, ఆపలేదు. పైన మూసిన ప్లేటు గాలిని ఆపలేదు.

కాబట్టి ఎప్పుడు డబ్బా తెరిచినా ఆ పూటకి కావలసింది తీసుకుని, మిగిలింది అప్పటికప్పుడే గాజు సీసాలోకి గానీ స్టీలు డబ్బాలోకి గానీ మార్చేయండి. మర్నాటికి కాదు, రాత్రికి కాదు, వెంటనే. అలా మార్చిన పల్ప్‌ను ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయండి. ఎక్కువ మిగిలితే చిన్న చిన్న భాగాలు చేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. మీ దగ్గర ఉన్నవి పెద్ద డబ్బాలు అన్నారు. వాటిలో సాధారణంగా 3.1 కిలోల పల్ప్ ఉంటుంది. ఇంట్లో నలుగురైదుగురికి అది ఒక్క పూటలో అయ్యేది కాదు. హోటళ్లకు, స్వీట్ షాపులకు ఉద్దేశించిన సైజు అది. ఇంటికి తెచ్చుకోవాలంటే 850 గ్రాముల డబ్బా మేలు.

ఎంత తగరం అయితే ఫరవాలేదు అన్న లెక్క కూడా చెబుతాను, ఎందుకంటే వాట్సాప్ మెసేజుల్లో ఎప్పుడూ ఉండనిది ఇదే. పండ్ల పల్ప్‌లో కిలోకి 250 మిల్లీగ్రాముల వరకు తగరాన్ని మన దేశ ఆహార భద్రతా నిబంధనలు అనుమతిస్తాయి. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కూడా డబ్బా ఆహారాలకు ఇదే హద్దు పెట్టింది, డబ్బా పానీయాలకు 150. యూరప్ దేశాలు ఇంకొంచెం బిగించి డబ్బా ఆహారానికి 200, పానీయాలకు 100, పసిపిల్లల ఆహారానికి 50 అన్నాయి. ఈ స్థాయి దాటితే కొంతమందికి కడుపులో తిప్పడం, వాంతి, నొప్పి, విరేచనాలు రావచ్చు. ఇది ఒకటో లెక్క, ఆ పూట సంగతి.

రెండోది నెలల తరబడి తినేదాని లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నడిపే నిపుణుల కమిటీ వారానికి ఒంటి బరువులో ప్రతి కిలోకి 14 మిల్లీగ్రాముల తగరం వరకు హద్దుగా పెట్టింది. మీ మనవరాలు 15 కిలోలు ఉంటుందనుకుందాం. అంటే వారానికి 210 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు జ్యూస్‌లో 100 గ్రాముల పల్ప్ పడితే, ఆ పల్ప్‌లో తగరం హద్దు దాకా ఉన్నా గ్లాసుకి 25 మిల్లీగ్రాములు. మీ తెరిచిన డబ్బాలో దానికి రెట్టింపు చేరిందనుకున్నా, గ్లాసంతా తాగినా 50. పుట్టినరోజు నాటి గ్లాసు, మూడో రోజు సగం గ్లాసు కలిపినా వారం హద్దుకి చాలా దూరంలోనే ఉన్నాం. అందుకే పొట్ట తిప్పి వాంతి అయిందేమో గానీ ఒంటికి నిలిచే హాని జరిగిందని భయపడకండి. ఆహారంలోని తగరాన్ని మన పేగులు పీల్చుకునేది చాలా తక్కువ, ఎక్కువ భాగం విరేచనంతో వెళ్లిపోతుంది. డబ్బాలోని తగరం వల్ల క్యాన్సర్ వస్తుందని చెప్పడానికి ఆధారం లేదు.

సీసం అలా కాదు. మీ పక్కింటావిడ భయానికి పాత మూలం ఒకటి ఉంది, కొట్టిపారేయలేం. ఒకప్పుడు డబ్బా పక్క అతుకును సీసం కలిసిన టంకంతో వేసేవారు. అందులోంచి సీసం ఆహారంలోకి దిగేది. అమెరికాలో డబ్బాల తయారీదారులు 1991 నాటికి దీన్ని మానేశారు, 1995లో అక్కడ ప్రభుత్వమే నిషేధించింది. ఇప్పుడు డబ్బా అతుకులు కరెంటు వెల్డింగ్‌తో వేస్తారు, కొన్ని డబ్బాలకు పక్క అతుకే ఉండదు. మీ డబ్బా తీసి లేబుల్ కొంచెం పైకెత్తి చూడండి. పై నుంచి కిందికి సన్నగా, నిటారుగా నల్లటి గీత ఉంటే అది వెల్డింగ్. మందంగా, అడ్డదిడ్డంగా, వెండిలా మెరిసే టంకం కనిపిస్తే ఆ డబ్బాలో ఉన్నది తినొద్దు. పేరున్న ఫ్యాక్టరీ పల్ప్ డబ్బాల్లో అలాంటిది మీకు కనిపించకపోవచ్చు, కానీ చూసుకోవడానికి అర నిమిషం పడుతుంది.

సీసం గురించి నిజంగా జాగ్రత్త పడాలంటే డబ్బాల కన్నా వంటింట్లో వేరే చోట చూడమంటాను. తమిళనాడు సరిహద్దు కాబట్టి మన జిల్లాలో చాలా ఇళ్లలో చారు కాచే తగరపు చెంబు ఉంటుంది. అసలైన తగరంతో చేసినదైతే సరే. ధర తక్కువని సీసం కలిపిన చెంబు కొంటే, చింతపండు పులుసు, వేడి, సీసం మూడూ కలుస్తాయి, అదీ రోజూ. ఇత్తడి గిన్నెల కళాయి కూడా అంతే. కళాయిలో సీసం కలిపేవాళ్లు ఉంటారు. సీసానికి ఇంత వరకు ఫరవాలేదు అనే హద్దు లేదని నిపుణుల కమిటీలు 2010లోనే తేల్చి, అంతకుముందు పెట్టిన వారపు హద్దును కూడా తీసేశాయి. అది చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణి ఒంట్లో నుంచి కడుపులో బిడ్డకూ చేరుతుంది. కాబట్టి మీ కోడలి విషయంలో నేను అడిగేది ఒక్కటే: ఆమె చారు ఎందులో కాస్తున్నారు? ఎప్పుడు కొన్నదో, ఎవరి దగ్గర కొన్నదో తెలియని చెంబైతే ఈ నెలల్లో దాన్ని పక్కనపెట్టి స్టీలు గిన్నె వాడమనండి. పుట్టినరోజు నాడు అప్పుడే తెరిచిన డబ్బా నుంచి ఆమె తాగిన గ్లాసు జ్యూస్ గురించి ఏ దిగులూ వద్దు.

మీ మిగతా రెండు డబ్బాల విషయానికి వద్దాం. సొట్ట పడింది అంచు దగ్గర అన్నారు కాబట్టి ఆ డబ్బా వాడొద్దు. డబ్బా ఒంటి మీద మధ్యలో చిన్న సొట్ట ఉంటే ఫరవాలేదు. కానీ మూత, ఒళ్లు కలిపి మడిచి నొక్కిన అంచు మీద గానీ, పక్క అతుకు మీద గానీ దెబ్బ తగిలితే అక్కడ కంటికి కనపడని సందు పడవచ్చు. దాంట్లోంచి గాలి, క్రిములు లోపలికి వెళ్తాయి. గట్టిగా దెబ్బ తగిలిన చోట లోపలి పూత చిట్లి రేకు బయటపడే అవకాశం కూడా ఉంది. మూడు కిలోల పల్ప్ పారేయాలంటే ప్రాణం ఒప్పదు, తెలుసు. అయినా పారేయండి.

రెండో డబ్బా పైమూతను, అడుగును వేలితో నొక్కి చూడండి. గట్టిగా, కొంచెం లోపలికి గుంటగా ఉండాలి. నొక్కితే టక్కుమని లోపలికి వెళ్లి మళ్లీ పైకి లేచినా, మూత ఉబ్బి ఉన్నా తెరవనే వద్దు. ఉబ్బడానికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి క్రిములు పెరిగి వదిలిన గ్యాస్. రెండోది పులుపు లోహాన్ని తింటూ పోతే పుట్టే హైడ్రోజన్. బయట నుంచి చూసి ఏది ఏదో చెప్పలేం, రుచి చూసి తేల్చుకోవడం అంతకన్నా ప్రమాదం. మామిడి పల్ప్ పులుపు ఎక్కువ, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4కి అటూ ఇటూ ఉంటుంది, కాబట్టి బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టే అవకాశం తక్కువ. ఆ విషాన్ని పుట్టించే క్రిమి పెరగాలంటే పీహెచ్ 4.6 పైన ఉండాలి. డబ్బా పుట్టగొడుగులు, స్వీట్ కార్న్, బఠానీ, చేపలు ఆ కోవలోకి వస్తాయి. వాటి డబ్బా ఉబ్బితే ఇంకేం ఆలోచించకూడదు. అలాంటిది పొరపాటున తిన్నాక కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం లాంటివి మొదలైతే క్షణం ఆగకుండా చిత్తూరు జిల్లా ఆసుపత్రికో తిరుపతి రుయాకో తీసుకెళ్లాలి.

డబ్బా బాగుంటే తారీఖు చూసి తెరవండి. తెరిచాక లోపలి గోడ లేత బూడిద రంగులో ఈకలు పరిచినట్టు ఉంటే కంగారు పడకండి. లక్కర్ లేని డబ్బాల్లో తగరం సమంగా కరిగితే అలాగే కనిపిస్తుంది. లక్కర్ డబ్బాలో పూత పొట్టులా రేగి ఉన్నా, తుప్పు కనిపించినా, తెరవగానే లోహం వాసన కొట్టినా వాడొద్దు. బఠానీ, చేపల డబ్బాల్లో ఊదా నలుపు మరకలు కనిపిస్తాయి. అది ఆ పదార్థాల్లోని గంధకం లోహంతో కలిసి ఏర్పడిన రంగు, హాని లేదు.

అటక గురించి ఒక మాట చెప్పాలి. మన చిత్తూరు ఎండల్లో, అందులోనూ రేకుల కప్పు కింద ఉన్న అటకైతే, వేడి ఎంత ఉంటుందో మీకే తెలుసు. వేడి పెరిగేకొద్దీ లోహం కరిగే వేగం పెరుగుతుంది. డబ్బా మీద వేసిన గడువు మామూలు గది వేడిని దృష్టిలో పెట్టుకుని వేసేది. ఏడాది అటక మీద ఉడికిన డబ్బాకి ఆ గడువు పూర్తిగా వర్తించదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, తడి తగలకుండా ఉండే కింది అర చూసుకుని అక్కడ పెట్టండి. పాత సీజన్ డబ్బాలు ముందు వాడేయండి.

ఖాళీ డబ్బాల్లో ఊరగాయ, చింతపండు పెట్టడం మాత్రం ఈరోజే ఆపేయండి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది ఇదే. పాప తాగిన అర గ్లాసు ఒక్కరోజు ముచ్చట. ఊరగాయ ఏడాదంతా రెండు పూటలా తినేది. అందులో పులుపు ఉంది, ఉప్పు ఉంది, డబ్బాకు గాలి ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది. లోపలి తగరం అప్పటికే కొంత కరిగిపోయి ఉంటుంది, కడిగేటప్పుడు పీచుతో రుద్దితే లక్కర్ గీతలు పడుతుంది. ఇక అడ్డేముంది? నూనె 15 కిలోల డబ్బాలు కూడా ఇంతే. మన అమ్మమ్మలు ఊరగాయకు జాడీ వాడింది ఊరికే కాదు. జాడీ లేకపోతే గాజు సీసా చాలు. సత్తు గిన్నెల్లో కూడా పులుపు నిల్వ పెట్టొద్దు. అల్యూమినియం కూడా పులుపుకీ ఉప్పుకీ కరుగుతుంది. ఖాళీ డబ్బాల్లో పొడిగా ఉండే మేకులు, గుండీలు పెట్టుకోండి, అడుగున చిల్లులు పొడిచి కరివేపాకు మొక్క నాటుకోండి.

మీరు అడగకపోయినా పాప ఇంట్లో ఉంది కాబట్టి చెబుతున్నాను. పాలపొడి డబ్బాతో ఈ సమస్య లేదు, అది పొడిగా ఉంటుంది, తడి లేకుండా లోహం కరగదు. కూల్‌డ్రింక్ అల్యూమినియం క్యాన్లకు లోపల పూత ఉంటుంది, సొట్టలు పడి వేడిలో నెలల తరబడి ఉన్నవి మానేస్తే చాలు. లక్కర్ పూతల్లో వాడే బిస్‌ఫినాల్ ఏ అనే రసాయనం మీద వేరే చర్చ నడుస్తోంది. ఆహారానికి తగిలే వస్తువుల్లో దాన్ని యూరప్ 2025 నుంచి దశలవారీగా నిషేధిస్తోంది. అది లోహం కాదు, దాని గురించి విడిగా రాయాలి. ఇప్పటికైతే గర్భిణులూ చిన్నపిల్లలూ డబ్బా ఆహారం రోజూ కాకుండా ఎప్పుడో ఒకసారి తీసుకుంటే మంచిది. తోతాపురి పండే ఊళ్లో ఉండి సీజన్‌లో తాజా పండు వదిలి డబ్బా తెరవాల్సిన అవసరం కూడా మీకు లేదు కదా.

జ్యూస్ షాపుల్లో కూడా ఒకసారి కౌంటర్ వెనక్కి చూడటం అలవాటు చేసుకోండి. తెరిచిన పల్ప్ డబ్బా పొద్దుటి నుంచి అలాగే, గరిటె అందులోనే వేసి ఉంటే అక్కడ తాగకండి. షాపాయనతో గొడవ పడక్కర్లేదు, "అన్నా, దీన్ని స్టీలు గిన్నెలోకి మార్చు" అని చెప్పండి. చాలామందికి తెలియకే అలా ఉంచుతారు.

కొత్తగా కొన్న డబ్బా తెరవగానే పల్ప్‌కు లోహం రుచి ఉన్నా, లోపల తుప్పు కనిపించినా పారేసి ఊరుకోకండి. డబ్బాను, బిల్లును ఉంచుకుని, లేబుల్ మీది 14 అంకెల లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్ ఫ్రీ నంబరు 1800112100కి ఫోన్ చేసి చెప్పొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. ఒకే బ్యాచ్ మీద నాలుగు చోట్ల నుంచి ఫిర్యాదు వస్తే ఆ బ్యాచ్ నమూనాలు ల్యాబ్‌కి పంపించడానికి అధికారులకు గట్టి కారణం దొరుకుతుంది.